బకెట్ ఎవరు మోస్తున్నరు?

మా సిద్దిపేటల చానా ఇండ్ల బైతుల్ ఖలాల ఫ్లష్ ట్యాంకు ఉంటది, దాని పక్కన నిండు బకెట్ కూడా ఉంటది. "ట్యాంకు ఖరాబయ్యింది భాయ్, నిండుతలేదు" అంటరు. ఎప్పటి సంది అంటే జవాబుండదు. రంజాన్‌కు ముందే అనుకుంట అంటరు.

నా షికాయత్ ట్యాంకు మీద కాదు, ఆ బకెట్ మీద. దాన్ని ఎవరు మోస్తున్నరు? ఇంటి మర్దోళ్లయితే కాదు. మోకాళ్ల నొప్పులతోని అమ్మీ, నెలలు నిండిన బహూ. ఫజర్ యాళ్ల చీకట్ల తడి టైల్స్ మీద బకెట్ పట్టుకొని నడిచే ముసలి మనిషి జారిపడితే తుంటి బొక్క ఇరుగుతది. ఆ ఖర్చు ముందట ఈ మరమ్మత్ ఎంత? మగర్ పాయిఖానా పని ముట్టుకుంటే ఇజ్జత్ పోతదని మనోళ్ల ఖయాల్. బండి కార్బొరేటర్ విప్పి కడిగే పిలగాడు ఇంట్ల ట్యాంకు మూత ఎత్తడు. అరె, అండ్ల ఉన్నయి నల్లా నీళ్లే, నజాసత్ కాదు!

చానాసార్లు బీమారీ చిన్నదే. ముందుగాల గోడకున్న యాంగిల్ కాక్ పూరాగా తెరిచి ఉన్నదా చూడాలె. ఉంటే దాన్ని బంద్ చేసి, పైపు ఊడదీసి, ఫిల్ వాల్వ్ మూతికాడ ఉండే చిన్న జాలీ బయటికి తియ్యాలె. మన బోరు నీళ్లకు దాని మీద తెల్లగ సున్నం పేరుకుంటది, ఇసుక చేరుతది. రాత్రి సిర్కాలనో నిమ్మ ఉప్పు నీళ్లలనో నానేస్తే పొద్దుగాల్లకు కరుగుతది, పాత బ్రష్‌తోని రుద్దితే సాఫ్. జాలీ మంచిగనే ఉంటే ఫ్లోట్ గోడకు రాసుకొని ఇరుక్కున్నదేమో, మరీ కిందికి సెట్ చేసి ఉన్నదేమో చూడాలె. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టానికి ఒక ఇంచు కింద ఆగితే సరి.

మిస్త్రీని పిలిస్తే మాత్రం "సెట్టు మొత్తం మార్చాలె" అంటడు. అందరు బేఇమాన్లని అంటలేను. కాని కొత్త సెట్టు పెట్టినా నిండని ఇండ్లున్నయి. ఎందుకంటే పది మీటర్ల ఎత్తుల నీళ్లుంటే ఒక కిలో ప్రెషర్ వస్తది. మన ఇంటి మీది ట్యాంకు బాత్రూమ్ కంటే రెండు మీటర్లే ఎత్తుల ఉంటే కిలోల ఐదో వంతే. ఎక్కువ ప్రెషర్ కోసం సన్న బెజ్జంతోని చేసిన వాల్వ్ దానికి పనికిరాదు. దుకాన్ల తక్కువ ప్రెషర్‌దే కావాలని అడగాలె.

ఇంకొకటి, నిండుతనే ఉండి ఎప్పటికీ సరిపోని ట్యాంకు. అది కింద రబ్బరు వాషర్ పోయి, నీళ్లు చప్పుడు లేకుంట కమోడ్‌లకు జారుడు. బిర్యానీల ఏసే రంగు చిటికెడు ట్యాంకుల కలిపి, ఫ్లష్ చేయకుంట అరగంట ఆగుండ్రి. కమోడ్‌ల రంగు కనబడితే వాషర్ మార్చాలె. ఇంటింటికి నల్లా అని మిషన్ భగీరథ షురూ చేసింది మన గజ్వేల్ కాడి కోమటిబండల్నే, 2016 ఆగస్టు 7న. గోదావరి, కృష్ణ నీళ్లను ఊరూరికి ఎక్కించే పథకం అది. వుజూ కాడ నల్లా జర ఎక్కువ తిప్పితే ఇస్రాఫ్ అని పిల్లల్ని కోప్పడే మనం, రాత్రంతా జారే ఈ నీళ్లను లెక్కల పెట్టం.

మూత పింగాణీదైతే రెండు చేతులతోని ఎత్తి, కింద బట్ట మీద పెట్టుండ్రి. పగిలితే అదే కొలత మూత దొరుకుడు కష్టం.