పదిహేను సెంట్ల బర్గరూ, ఇద్దరు అన్నదమ్ములూ

2016లో వచ్చిన 'ది ఫౌండర్' సినిమా చూసిన మన ఐటీ జనంలో ఎవరిని కదిపినా ఒకటే తీర్పు: "పాపం ఆ అన్నదమ్ములు అమాయకులండీ, స్కేల్ చెయ్యడం చేతకాక కంపెనీ పోగొట్టుకున్నారు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నన్నడిగితే ఆ కథ మొత్తంలో అసలు సిసలు ఇంజినీర్లు వాళ్లిద్దరే.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. డిక్, మాక్ మెక్‌డొనాల్డ్ (పూర్తి పేర్లు రిచర్డ్, మారిస్) న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్ వాళ్లు. 1920ల చివర్లో పొట్ట చేతపట్టుకుని కాలిఫోర్నియా వచ్చి, సినిమా స్టూడియోలో సెట్టింగులు మోశారు. తర్వాత ఓ సినిమా హాలు నడిపారు, కలిసి రాలేదు. 1937లో మన్రోవియా విమానాశ్రయం దగ్గర హాట్ డాగులు, ఆరెంజ్ జ్యూస్ అమ్మే బడ్డీ పెట్టారు. 1940లో లాస్ ఏంజిలిస్‌కి తూర్పున సుమారు అరవై మైళ్ల దూరంలో, రూట్ 66 మీదున్న శాన్ బెర్నార్డినోలో 'మెక్‌డొనాల్డ్స్ బార్‌బెక్యూ' తెరిచారు. కార్లోనే కూర్చుంటే అమ్మాయిలొచ్చి ఆర్డరు తీసుకుని, తిండి తెచ్చి ఇచ్చే రకం హోటలు. మెనూలో పాతిక ఐటములు. బ్రహ్మాండంగా నడిచింది.

నాకు నచ్చిన ఘట్టం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. బాగా నడుస్తున్న హోటల్ని 1948లో వాళ్లు మూసేశారు! నష్టమొచ్చి కాదు. బిల్లులు ముందేసుకుని చూస్తే అమ్మకాల్లో 80 శాతం హాంబర్గర్లే అని తేలింది. మరి మిగతా ఇరవైనాలుగు ఐటములు ఎందుకు? మనం ప్రోగ్రాంలో టైమంతా ఏ ఫంక్షన్ తింటోందో ప్రొఫైలర్ పెట్టి చూస్తాం కదా, అదే పని వాళ్లు బిల్లులతో చేశారన్నమాట. సుమారు మూడు నెలలు మూసి ఉంచి, 1948 డిసెంబర్ 12న మళ్లీ తెరిచారు. ఈసారి మెనూలో తొమ్మిదే ఐటములు. పింగాణీ ప్లేట్లు లేవు, ఫోర్కులు లేవు, అంతా కాగితమే. కడగడానికి ఏమీ లేదు, విరగడానికీ పోవడానికీ ఏమీ లేదు. ఒకడు కాల్చడమే, ఒకడు సాస్ వెయ్యడమే, ఒకడు చుట్టడమే. బర్గర్ ధర 15 సెంట్లు. ఈ పద్ధతికి 'స్పీడీ సర్వీస్ సిస్టమ్' అని పేరు పెట్టారు.

మొదట్లో జనం రాలేదు. పాత కస్టమర్లు అలవాటు ప్రకారం కార్లో కూర్చుని హారన్ కొట్టి, ఎవరూ రాకపోయేసరికి విసుక్కుని వెళ్లిపోయారట. ఇలాంటప్పుడు మన మేనేజర్లయితే రెండో వారానికే రోల్‌బ్యాక్ అంటారు. వీళ్లు కొన్ని నెలలు ఓపిక పట్టారు. బేరం మళ్లీ పుంజుకుంది. 1952 నాటికి హోటళ్ల వ్యాపారానికి సంబంధించిన పత్రిక కవర్ మీదికే ఎక్కారు.

వంటగది ప్లాను కోసం ఇంటి దగ్గరున్న టెన్నిస్ కోర్టు మీద సుద్దతో గ్రిల్లు, బల్లలు గీసి, పనివాళ్ల చేత ఉత్తుత్తి బర్గర్లు చేయించారు. ఎవరు ఎవరికి అడ్డొస్తున్నారో చూడ్డం, గీత చెరిపి పక్కన గీయడం! ఒక్క ఇటుక పెట్టకముందే టెస్టింగ్ అయిపోయింది.

ఇందులో ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. ఆ ఆర్డర్లు తీసుకునే అమ్మాయిలంతా ఇంటికెళ్లారు. వాళ్ల పనిని కస్టమర్‌కే అప్పజెప్పారు, కిటికీ దగ్గరికి నువ్వే నడిచి రా అని. నేను ఆ సిస్టమ్‌ని ఎంత మెచ్చుకున్నా ఈ ముక్క మాత్రం గొంతులో అడ్డం పడుతుంది. ఏఐ వచ్చి టీములు సగమవుతున్న ఈ రోజుల్లో మరీను.

సరే, రే క్రాక్ సంగతి. మిల్క్‌షేక్ మిక్సర్లు అమ్మే ఈ యాభై రెండేళ్ల సేల్స్‌మన్, ఒక్క హోటలుకి ఎనిమిది మిక్సర్లు ఎందుకబ్బా అని చూడ్డానికి 1954లో వచ్చాడు. 1955 ఏప్రిల్ 15న ఇల్లినాయ్‌లోని డెస్ ప్లెయిన్స్‌లో తన దుకాణం తెరిచాడు. కంపెనీ చరిత్రలో నంబర్ వన్ అదే! అన్నదమ్ములు 1953లోనే ఫీనిక్స్‌లో ఫ్రాంచైజీ ఇచ్చి ఉన్నారు, అయినా సరే.

క్రాక్‌ని దొంగ అనను. ఊరూరా ఒకే రుచి తెప్పించడం చిన్న పని కాదు. స్థలాల్ని చేతిలో పెట్టుకుని ఫ్రాంచైజీల దగ్గర అద్దె వసూలు చేసే ఏర్పాటు 1956లో మొదలైంది. డబ్బులు కురిసింది అక్కణ్ణుంచే. ఆ ఐడియా కూడా హ్యారీ సానబోర్న్‌ది లెండి. అన్నదమ్ములకి మాత్రం అమ్మకాల్లో అర శాతం. ప్లాన్‌లో ఏం మార్చాలన్నా వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి, అదీ రిజిస్టర్డ్ ఉత్తరంలో. ఫోన్లో సరే అనేవారు, ఉత్తరం వచ్చేది కాదు. ఇలాంటి క్లయింట్లతో పని చేసినవాళ్లకి క్రాక్ బాధ అర్థమవుతుంది :)

1961లో 27 లక్షల డాలర్లకి అంతా అమ్మేశారు. పన్నులు పోగా చెరో మిలియన్. ఏటా అర శాతం ఇస్తానని క్రాక్ చేతిలో చెయ్యేసి చెప్పాడనీ, ఇవ్వలేదనీ కుటుంబసభ్యులు అంటారు. కాగితం మీద ఏమీ లేదు. దాన్ని పట్టుకుని ఎవరి మీదా తీర్పు చెప్పలేం. కానీ వాళ్లు ఓడిపోయారనడం మాత్రం అన్యాయం. అప్పటికే వాళ్ల దగ్గర ఇల్లుంది, కార్లున్నాయి, బాగా నడిచే దుకాణం ఉంది. దేశమంతా తిరిగి హోటళ్లు చూసుకోవడం వాళ్లకి ఇష్టం లేదు. "నాకు ఇది చాలు" అన్నవాడిని చేతకానివాడిగా లెక్కగట్టే అలవాటు మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, అప్రైజల్ ఫారం నిండా అదే. ఇరవయ్యేళ్లుగా కోడ్ రాస్తూ ఆనందంగా ఉన్నవాడిని "ఇంకా మేనేజర్ కాలేదా?" అని అడిగేదీ ఆ అలవాటే.

నాకు నిజంగా కోపం తెప్పించేది డబ్బు విషయం కాదు, పేరు విషయం. శాన్ బెర్నార్డినో దుకాణం అమ్మకంలో లేదు. కానీ మెక్‌డొనాల్డ్స్ అనే పేరు అమ్మేశారు కాబట్టి సొంత ఇంటిపేరు సొంత బోర్డు మీంచి తీసెయ్యాల్సొచ్చింది. 'ద బిగ్ ఎమ్' అని మార్చుకున్నారు. క్రాక్ దగ్గర్లోనే ఓ మెక్‌డొనాల్డ్స్ తెరిపించాడు. కొన్నేళ్లకి బిగ్ ఎమ్ మూతపడింది, తర్వాత ఆ భవనాన్నీ కూల్చేశారు. మాక్ 1971లో, డిక్ 1998లో పోయారు.

అదే 1998లో ఆ స్థలాన్ని ఆల్బర్ట్ ఒకురా అనే ఆయన కొన్నాడు. ఆయనది 'హువాన్ పోయో' అనే కాల్చిన కోడి హోటళ్ల గొలుసు. అక్కడ తన ఆఫీసు పెట్టుకుని, పక్కనే పాత మెక్‌డొనాల్డ్స్ బొమ్మలు, కప్పులు, బోర్డులు పోగేసి మ్యూజియం పెట్టాడు. ఆయన 2023లో చనిపోయాడు. మెక్‌డొనాల్డ్స్ కంపెనీకి ఆ మ్యూజియంతో ఏ సంబంధమూ లేదు.