స్వమతాభిమానము - చరిత్రాన్వేషణము

కొలది దినముల క్రిందట, చరిత్రశాస్త్రమున ఎం.ఏ. చదువుచున్న క్రైస్తవ యువకు డొకడు మా యొద్దకు వచ్చెను. ఒంగోలు ప్రాంతపు క్రైస్తవసంఘముల పూర్వవృత్తాంతమును పరిశోధింప నాతడు సంకల్పించెను. "అయ్యా! మిషనరీల కీర్తికి లోపము రాకుండ వ్రాయుమని మా పెద్దలు చెప్పుచున్నారు. అది దొరల కథయే గాని దేశచరిత్ర కాదని తోటి విద్యార్థులు పరిహసించుచున్నారు. నే నెవరి కొరకు వ్రాయవలెను?" అని యాతడు ప్రశ్నించెను. ఈ ప్రశ్న యాతని యొక్కనిది కాదు, జాతిది. కావున నిచ్చట విచారించుచున్నాము.

ఆ ప్రాంతమున జరిగిన దేమి? 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును ఘోరక్షామము పీడించెను. అమెరికను బాప్టిస్టు మిషనరీయగు జాన్ క్లౌ, బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని బీదలకు కూలి కల్పించెను. కఱవుకాలమున బాప్తిస్మము లిచ్చుట నాపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో నొక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దీనిని కొందఱు దైవాద్భుత మని కీర్తింతురు. కొందఱు కూటికొఱకు పట్టిన మత మని తేల్చివేయుదురు. రెండు పక్షములవారును నదిలో దిగిన మనుష్యుని మాత్రము పలుకరింపలేదు.

ఆ మనుష్యు డెవడు? ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద కఱవునకు పదియేండ్లు ముందే, 1866లోనే, ఆ మతమును స్వీకరించెను. అంతకు పూర్వ మాతడు యోగిగురువుల నాశ్రయించి సాధన చేసినవాడు. ఆ గూడెముల వృద్ధులు చెప్పుకొనిన కథలను క్లౌ గారి భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో గ్రంథముగా ప్రకటించెను. కూటి వాదము పేరయ్య విషయమున నిలువదు. జ్ఞానమంతయు నోడ నెక్కి వచ్చిన దను వాదమును నిలువదు. ఆ తృష్ణ తెలుగుమన్నున బుట్టినదే.

విశ్వాసియైనవాడు నిష్పక్షపాతముగా చరిత్ర వ్రాయగలడా యని శంకించువారు కలరు. అభిమానము లేని చరిత్రకారు డెవడు? జాతీయవాదులమగు మేమును విజయస్తంభముల నెన్నుచు గూడెముల మఱచిన దోషము గలవారమే. కావలసినది అభిమాన రాహిత్యము కాదు, సాక్ష్యమునకు తలయొగ్గు నిజాయితీ. మిషను నివేదికలు సముద్రము కావలి దాతలకై వ్రాయబడినవి. వానిని ప్రభుత్వపు క్షామపత్రములతోను, గ్రామవృద్ధుల స్మృతులతోను సరిచూడవలెను. ఇంటివాడగుటచే పరిశోధకునకు పాటలోని మాట తెలియును. అయిన నింటిగుట్టు దాచినచో నాతని పాండిత్యము వకాల్తా యగును. బాప్తిస్మముతో కులము పోయెనని సంఘము చెప్పవచ్చును. మాల మాదిగల భేద మారాధనమందిరములోనికిని వచ్చిన సంగతిని చరిత్ర చెప్పితీరవలెను. ఇది పండితుల వినోదము కాదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును దానిని విస్తరించిరి. ఆ సవరణలలో క్రైస్తవులకు చోటు దొరకలేదు. మతము మారినంత మాత్రమున గూడెము మాఱినదా యను ప్రశ్నకు పత్రములే సాక్ష్య మియ్యవలెను.

ఇక సంస్కృతి మాట. పురుషోత్తమ చౌదరి పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవకీర్తనలను దేశీయ రాగతాళములలో కూర్చెను. 1912లో దోర్నకల్లు బిషప్పుగా నభిషిక్తుడైన అజరయ్య, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన ప్రథమ భారతీయుడు. 1939లో ప్రతిష్ఠింపబడిన యచ్చటి దేవాలయము దేశీయ శిల్పరీతులను ధరించి నిలిచెను. క్రైస్తవగృహమున జనించిన గుఱ్ఱము జాషువా 1941లో కాళిదాసుని సందేశమార్గమును చేపట్టి, గబ్బిలము చేత కాశీవిశ్వేశ్వరునకు తన మొఱ పంపెను. అది పరాయివాని పలుకని చెప్ప సాహసించు తెలుగువా డెవ్వడు?

1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపిన జాతి మనది. పల్లె దేవాలయముల పెట్టెలలో బాప్తిస్మపు పట్టికలు చెదలు తినుచున్నవి. సమాధిశిలల యక్షరములు చెఱగుచున్నవి. కీర్తనలతోడి కథలు ముసలమ్మలతోడనే మాయమగుచున్నవి. సంఘపెద్దలు పెట్టెల తాళములు తీయుదురు గాక! గ్రంథాలయములవా రా పత్రములకు ప్రతులు తీయించి భద్రపఱతురు గాక! విశ్వవిద్యాలయములు వీనిని దేశచరిత్రలోని భాగముగానే బోధించును గాక!

ఆ యువకునకు మేము చెప్పిన దిది: "నాయనా, నీ మత మెవరి యనుమతిచేతను నిలుచునది కాదు, నీ దేశ మెవరో దానమిచ్చినది కాదు. రెంటికిని భయపడక వ్రాయుము. మొదట పేరయ్యగారి మనుమల యిండ్లకు పొమ్ము."