దీపం తీసుకో

బొమ్మల్లేని కంప్యూటర్ ఆటల కాలం అయిపోయిందంటారు. తెలుగుకి మాత్రం వాటి అవసరం ఇప్పుడే ఉందంటాను నేను.

గుహల పిచ్చి ఉన్న విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామరు విడాకుల తరవాత, తన కూతుళ్ళు ఆడుకుంటారని, 1975-76లో ఫోర్ట్రాన్‌లో ‘అడ్వెంచర్’ రాశాడు. కెంటకీ మామత్ గుహల్లో తను తిరిగిన దారులే అందులోనివి. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. "దీపం తీసుకో" లాంటి రెండు మాటలు ఇంగ్లీషులో కొడితే కథ ముందుకెళ్తుంది. ఒక్కో మాటలో మొదటి ఐదక్షరాలే ప్రోగ్రాం చూసేది (ఇంగ్లీషు అక్షరాలండోయ్!). ఈ కిటుకు మనకి భలే నప్పుతుంది. మన విభక్తులు చివర్లో కదా చేరేది? దీపం, దీపాన్ని, దీపంతో... ఏది కొట్టినా ముందు ‘దీప’ దొరుకుతుంది. ఇల్లు ఇంటికి, చెయ్యి చేతిలో అయ్యేచోట ఓ చిన్న పట్టిక రాసుకోవాలి.

ఇక్కడ రిచ్‌మండ్ హిల్‌లో నాకు తెలిసిన మన పిల్లలు చాలామందికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అమ్మకి రెండూ వచ్చు కాబట్టి నడిచిపోతోంది. ఆటకి ఇంగ్లీషు రాదనుకోండి, తెలుగులో చెబితేగానీ తలుపు తెరుచుకోదు. గుణింతాలు దిద్దించడం మానమనను. లిపి రాని పిల్లల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టనిద్దాం. అన్నట్టు, గుహ కోసం కెంటకీ దాకా ఎందుకు, మన బొర్రా గుహలున్నాయిగా.