ఊపిరి చదువు ఎందుకని అడిగింది మేమే

మా చిన్నాన్న కూతురు ఇంజనీరింగ్ అయ్యాక, ఊపిరితిత్తుల్లో గాలి ఎలా పారుతుందో దాని మీద పై చదువు చదువుతానంది. కోలారు ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదెందుకమ్మా?" అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. తప్పే.

కన్నడ మీడియంలో శ్వాసకోశం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం, అంతే. గాలిగొట్టం రెండుగా, మళ్లీ రెండుగా, అలా 23 సార్లు చీలుతుందని లెక్క. 1963లో వైబెల్ ఇచ్చిన నమూనా అది. ఇన్‌హేలర్ తుంపర 5 మైక్రాన్లు దాటితే చాలావరకు మలుపు తిరగలేక గొంతులోనే గుద్దుకుంటుంది. వేగంగా లాగితే ఇంకా ఎక్కువ. (పొడి రకమైతే మాత్రం గట్టిగానే లాగాలి.)

మా అవ్వ ఏళ్లకొద్దీ స్ప్రేను సర్రున లాగేది. మందు మంచిది కాదని తిట్టుకున్నాం. ఈ పిల్ల చూసి చెప్పాకే మెల్లగా లాగి, పది సెకన్లు బిగబట్టడం నేర్చుకుంది. ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతోంది.

మేము టెస్టర్లం. వాడేవాళ్లంతా ఒకే తప్పు చేస్తుంటే, తప్పు వాళ్లది కాదు, వస్తువుదంటాం. ఆ వస్తువును సరిచేయాలంటే గాలి లెక్క తెలిసినవాళ్లు కావాలి కదా?

ఫీజుకు తలా కొంచెం వేద్దాం. దసరాకు అందరూ వస్తారు, అప్పుడే తేల్చండి.