అయిదుగురు చాలునను వాదము

అయిదుగురు విద్యార్థులను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, వారు తడబడిన తావులను సవరించినచో వెబ్‌సైటు సర్వజనోపయోగ్యమగునను నమ్మకము నేడు విద్యాసంస్థలలో సిద్ధాంతముగ చెల్లుబాటగుచున్నది. దీనికి మూలము 2000లో వెబ్‌సైటు వాడుక నిపుణుడు జేకబ్ నీల్సెన్ ప్రకటించిన లెక్క. ఒక్కొక్కరు సగటున 31 శాతము లోపములను బయటపెట్టుదురనియు, అయిదుగురు కలిసి 85 శాతమును పట్టుదురనియు ఆయన వ్రాసెను. అయితే వాడుకరులు భిన్నవర్గములవారైనచో ప్రతి వర్గమునుండియు కొందరిని పరీక్షింపవలెనని ఆ వ్యాసమందే చెప్పిన మాటను ఈ వాదులు తలచనైన తలచరు. 2003లో లారా ఫాక్నర్ అను పరిశోధకురాలు అరువదిమందిని పరీక్షించి, వారినుండి అయిదుగురేసి గుంపులను యాదృచ్ఛికముగ ఏర్చి చూడగా, కొన్ని గుంపులకు 99 శాతము లోపములు చిక్కినను, కొన్నిటికి 55 శాతమే చిక్కినవి.

షికాగోకు పడమట, ఫాక్స్ నది యొడ్డున, బాలాజీ ఆలయము వెలసిన అరోరా నగరమును చూడుడు. ఆ చుట్టుపట్ల విశ్వవిద్యాలయములకు ఎం.ఎస్. చదువ రానున్న తెలుగు విద్యార్థి ఓరియెంటేషను వెబ్‌సైటును మొదట తెరచునది గుంటూరులోనో కరీంనగరులోనో, వీసా చేతికందిన సంబరములో, విమానపు టిక్కెట్టు తొందరలో, చేతిఫోనుమీద. ఆగస్టులో అరోరా కాలము మనకంటె పదిన్నర గంటలు వెనుక; కావున అచటి రాత్రి 11:59 గడువు మనకు మరునాటి ఉదయము 10:29 అగును. 08/05 అనిన ఆగస్టు 5 అని వారి భావము, మే 8 అని మన పఠనము. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగ నున్నవానికి అమెరికా వీసాలో పేరంతయు ఇంటిపేరు గడిలోనికి పోయి, అసలు పేరుండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. (మొదటి పేరు తెలియదు) అను మూడక్షరములు చేరును. ఇక ఆ వెబ్‌సైటు ఫారములో ఏ గడి ఎట్లు నింపవలెనో పాలుపోక అతడు అచటనే ఆగిపోవును. అమెరికాలో పుట్టి పెరిగిన అయిదుగురు ఎంత శ్రద్ధగ పరీక్షించినను ఈ చిక్కు బయటపడదు, అది వారికెన్నడును ఎదురుకానిది గనుక.

సీనియర్లున్నారు, వాట్సాప్ గుంపులున్నవి, వారే చెప్పుదురుగదా యని కొందరందురు. కాని ప్రోగ్రాము ఆరంభ తేదీనుండి 30 దినములలోపల, విదేశీ విద్యార్థుల వివరములుంచు అమెరికా ప్రభుత్వ వ్యవస్థయైన సెవిస్‌లో చేరిక నమోదు కావలెను. అనుమతి లేక పూర్తికాల కోర్సుభారముకన్న తగ్గించుకొన్నచో ఎఫ్-1 విద్యార్థి హోదాయే పోవును. ఇట్టి విషయములను ఒకరినోట ఒకరు వినుటకు విడిచిపెట్టుట బాధ్యతారాహిత్యము.

మరియొక మాట. పరీక్షించు విశ్వవిద్యాలయపు అధికారి యెదుట మన పిల్లలు మర్యాదకొరకు అంతయు బాగున్నదనియే అందురు. కావున విశ్వవిద్యాలయములవారికి నా విన్నపము: వీసాకు వలయు ఐ-20 పత్రము పంపిన పిమ్మట, ఇంకను ఇంటనే యున్న విద్యార్థులను ముగ్గురు నలుగురినైనను ఎన్నుకొని, వారి ఫోనుమీదనే, తెలుగు తెలిసినవారి చేత పరీక్ష చేయింపుడు, తెలుగులోనే మాటాడనిండు.