బెల్టు రంగు కన్నా బయటపడే నేర్పు ముఖ్యం

గత నెల పేరెంట్స్ మీటింగులో ఆరో తరగతి పాప తల్లి ఒకరు ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి అడిగారు: "మేడమ్, మా పాపను కరాటేలో చేర్పించమంటారా, టైక్వాండోలోనా? నిజంగా ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఏది పనికొస్తుంది?" కాలేజీ రోజుల్లో రెండేళ్లు కరాటే నేర్చుకున్నదాన్నే అయినా, అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆ జవాబు.

రెండూ మంచివే. ఒంటికి వ్యాయామం, మనసుకు క్రమశిక్షణ వస్తాయి. కానీ పోటీ వేరు, వీధిలో ఎదురయ్యే ప్రమాదం వేరు. పోటీలో రిఫరీ ఉంటారు, కింద మ్యాట్ ఉంటుంది, ఎదుట సమాన వయసు, బరువు ఉన్న పిల్లలే ఉంటారు. వీధిలో వీపున పుస్తకాల బ్యాగు, కాళ్లకు షూ, ఎదుట తనకు రెట్టింపు ఉన్న మనిషి. తలెత్తున తన్నే కిక్ మెడల్ తెస్తుంది. బ్యాగు బరువుతో తడిరోడ్డు మీద ఒంటికాలిపై నిలబడితే ముందు పడేది మన పిల్లే. పిడికిలితో ముఖం మీద గుద్దితే చిటికెన వేలి దిగువ ఎముక విరగవచ్చు. డాక్టర్లు దాన్ని 'బాక్సర్స్ ఫ్రాక్చర్' అంటారు.

నా దృష్టిలో పిల్లలకు నిజంగా పనికొచ్చేవి నాలుగు.

మొదటిది దూరం. అనుమానం రాగానే ఒక అడుగు వెనక్కి వేసి, రెండు అరచేతులూ ఛాతీ ఎత్తున ముందుకు పెట్టడం. చూసేవాళ్లకు 'వద్దు' అంటున్నట్టు ఉంటుంది, ముఖానికి రక్షణగానూ ఉంటుంది.

రెండోది చెయ్యి విడిపించుకోవడం. పట్టులో బలహీనమైన చోటు అవతలివాళ్ల బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉండే సందు. భయంలో పిల్లలు నేరుగా వెనక్కి లాగుతారు, పట్టు ఇంకా బిగుస్తుంది. మణికట్టును ఆ సందువైపు తిప్పి, మోచెయ్యి మడిచి, ఒక్క ఊపున లాగాలి. బలం చాలకపోతే రెండో చేత్తో తన పిడికిలిని తానే పట్టుకుని లాగాలి.

మూడోది పడటం. 1882లో జపాన్‌లో జూడోను మొదలుపెట్టిన జిగోరో కానో స్వయంగా ఉపాధ్యాయుడు. జూడోలో ముందుగా నేర్పేది దెబ్బ తగలకుండా పడటమే. గడ్డం ఛాతీకి ఆనించి, వీపును గుండ్రంగా చేసి పడితే తల నేలకు కొట్టుకోదు. సైకిల్ మీద నుంచి పడినా ఇదే కాపాడుతుంది.

నాలుగోది, వేరే దారి లేనప్పుడు మాత్రమే, అరచేతి అడుగుభాగంతో ముక్కు మీద ఒక్క దెబ్బ లేదా పాదం మీద మడమతో గట్టి తొక్కు. ఆ వెంటనే జనం ఉన్న వైపు పరుగు. గెలవడానికి కాదు, పారిపోవడానికి రెండు క్షణాలు దొరకడానికి. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, అయితే అవసరానికి మించి హాని చేయకూడదని కూడా అదే చట్టం చెబుతుంది. ఈ సంగతి మగపిల్లలకు ముఖ్యంగా చెప్పాలి.

ఈ నాలుగింటికీ ముందు రావాల్సింది గొంతు. ఆ మీటింగు తర్వాత నా క్లాసులో "వద్దు!" అని గట్టిగా అరవమన్నాను. గ్రౌండులో మైకు అక్కర్లేని పిల్లలు నవ్వారు, తలలు దించుకున్నారు. ఎల్లో బెల్టు ఉన్న పాపకు గొంతే పెగల్లేదు. "పెద్దవాళ్లతో గట్టిగా మాట్లాడకూడదు కదా మిస్" అంది. ఆ మాట నేర్పింది మనమే, ఇంట్లో మీరు, బడిలో మేము.

ఇంకో మాట. క్లాసులో "స్పీక్ ఇన్ ఇంగ్లిష్" అని రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని నేనే. ఆపదలో మాత్రం తెలుగులోనే అరవాలి. ఉత్త ఏడుపు వింటే తండ్రీబిడ్డల గొడవ అనుకుని జనం తప్పుకుంటారు. "ఈయనెవరో నాకు తెలీదు, కాపాడండి!" అంటే కిరాణా కొట్టు ఆయన కూడా బయటికొస్తాడు.

పిల్లలపై లైంగిక వేధింపుల కేసుల్లో ఎక్కువసార్లు నిందితులు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. అక్కడ కిక్కులు, పంచ్‌లు పనిచేయవు. "ఆ అంకుల్ దగ్గరికి వెళ్లను" అని పాప అంటే "తప్పు, అలా అనకూడదు" అనకుండా "ఎందుకమ్మా?" అని అడగడమే పనిచేస్తుంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, ఎమర్జెన్సీ నంబరు 112 పిల్లలకు నోటికి రావాలి.

మా బడికీ ఒక సూచన. నెలలో ఒక్క కరాటే పీరియడైనా యూనిఫాం, షూ, బ్యాగుతోనే జరగాలి.

ఆ అమ్మగారికి నా జవాబు ఇదే: ఇంటికి దగ్గరగా ఉన్న క్లాసులో, పాపకు నచ్చినదాంట్లో చేర్పించండి. కానీ ఈ ఆదివారం పది నిమిషాలు మీరే పాప చెయ్యి పట్టుకోండి, విడిపించుకోనివ్వండి. మీ మీదే గట్టిగా అరవమనండి. అరిచినప్పుడు కోప్పడకండి.