డబ్బా ఖాళీ... ఐస్ రాదు!

పెద్ద ఫ్రిజ్‌లోని ఐస్‌మేకర్ ఉన్నట్టుండి మొరాయించిందా? మెకానిక్‌కి ఫోన్ చేసేముందు సెన్సర్‌ని ఓసారి చూడండి.

కొన్ని మోడళ్లలో డబ్బాకి ఓ పక్కనుంచి పరారుణ కిరణం బయల్దేరి రెండో పక్కకు చేరుతుంటుంది. ఐస్‌ముక్కలు అడ్డొస్తే డబ్బా నిండిందని లెక్క, ఐస్ తయారీ ఆగిపోతుంది. సెన్సర్ బిళ్లల మీద మంచు పేరుకున్నా అంతే!

ముందు ప్లగ్ తీసేయాలి. డబ్బా పక్కన పెట్టి, రెండువైపులా ఉన్న బిళ్లల్ని మెత్తని పొడిబట్టతో తుడవాలి. మంచు గట్టిపడితే తలుపు తెరిచి ఉంచండి, అదే కరుగుతుంది. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో మాత్రం గీకొద్దు. లోపలి గ్యాస్ పైపుకి చిల్లు పడితే ఫ్రిజ్ మూలన పడ్డట్టే. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఐసోబ్యూటేన్ మండే గుణమున్న వాయువు.

తడి ఆరాక ప్లగ్ పెట్టి, ఫ్రీజర్‌ని మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచి, ఒకరోజు ఆగండి. నీళ్ల కుళాయి తెరిచే ఉందా చూసుకోండి. మొదట పడ్డ ముక్కలు పారబోయడం మంచిది. మళ్లీ మళ్లీ మంచు పడుతుంటే తలుపు రబ్బరుని అనుమానించాలి. అది సరిగా అతుక్కోకపోతే బయటి తేమ లోపలికి చేరుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఐస్ రాకపోతే... అప్పుడు మెకానిక్‌ని పిలవాల్సిందే!